గోపాలపురపు రేవు, బరంపురపు దారి

గంజాం జిల్లాలోని తెలుగువారి చరిత్ర చెప్పుకొనునపుడు మనము సాధారణముగా కచేరీలతోను, పాఠశాలలతోను మొదలుపెట్టుదుము. బరంపురపు న్యాయవాదులు, పర్లాకిమిడి పండితులు, పట్టు నేసిన దేవాంగులు, 1936 నాటి సరిహద్దు వివాదము మన సంచికలలో తరచుగా కానవచ్చెడి విషయములు. అవి యన్నియు చెప్పదగినవే. కాని ఆ చరిత్రకు మరియొక కొస కలదు. అది బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున, ఇసుకలో, ఉప్పుగాలిలో నున్నది. అదియే గోపాలపురము.

బరంపురపు తెలుగు కుటుంబములలో పుట్టిన మాకు బాల్యమున గోపాలపురమనగా సెలవుదినపు షికారు. సాయంకాలము బస్సెక్కి పోయి, అలలలో పాదములు తడుపుకొని, వేయించిన వేరుసెనగలు తిని, చీకటి పడకముందే తిరిగి వచ్చెడివారము. ఇసుకమీద వలలు బాగుచేసికొనుచున్న వారు మాటలాడినది తెలుగే యని మాకు తెలియును. అయినను ఆ తెలుగు మన తెలుగనియు, వారి చరిత్ర మన చరిత్రయనియు ఆనాడు మాకు తోచలేదు. ఈ వ్యాసము కొంతవరకు ఆ మరపునకు ప్రాయశ్చిత్తము.

ఊరి స్వరూపము

పేరునకు గోపాలపురము పట్టణమే. దానికి పురపాలన సంఘము కలదు, ఓడలకు దారి చూపు దీపస్తంభము కలదు, విహారార్థము వచ్చువారికి హోటళ్లు కలవు. నడవడికి మాత్రము అది పల్లె. ఒక వీధిలో నొడియా కుటుంబములు, మరియొక వైపు వర్తకులు, కొంతదూరమున వెనుకటి దొరలును కలకత్తా సంపన్నులును కట్టించుకొన్న బంగళాలు, క్రైస్తవుల ప్రార్థనామందిరము, ఒడ్డున తెలుగు మత్స్యకారుల పేట. వేణుగోపాలస్వామి ఆలయమును బట్టి ఊరికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. స్వామి పేరు తెలుగువారికిని ఒడియావారికిని సమానముగా ప్రియమైనదే కనుక ఆ పేరు విషయమున ఏనాడును తగవు పుట్టలేదు.

తెల్లవారుజామున ఊరు బస్తీకి బయలుదేరును. చేపల గంపలతో ఆడువారు, గుమాస్తాలు, కట్టుబడి పనివారు, విద్యార్థులు, ఆసుపత్రి పనికి పోవువారు బస్సులలోను, ఆటోలలోను క్రిక్కిరిసి కూర్చుందురు. 1962లో బరంపురమున వైద్య కళాశాల ఏర్పడినది. 1967లో బరంపురము విశ్వవిద్యాలయము వెలసి, దాని భవనములు గోపాలపురము వైపు భంజవిహారమున లేచినవి. అప్పటినుండి ఈ దారికి రద్దీ హెచ్చినది. సాయంకాలము ఆ ప్రవాహమే తిరుగబడును. ఉదయము ఊరు బస్తీకి పోవును, సాయంకాలము బస్తీ గాలికొరకు ఊరికి వచ్చును.

ఇది నేటి సంగతి. కాని రాకపోకలతో బ్రదుకుట గోపాలపురమునకు క్రొత్త విద్య కాదు. వెనుకటి తరములవారికి దారి పడమట గాక తూర్పున నుండెడిది. ఆ దారి పొడవు 16 కిలోమీటర్లు కాదు, బంగాళాఖాతమంత.

రేవు పుట్టుక

ఈ తీరమునకు ఓడల పరిచయము మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలెమీ తన భూగోళ గ్రంథమున పలూర యను రేవును పేర్కొని, తూర్పు దేశములకు పోవు ఓడలు ఆ ప్రాంతమున తీరము విడిచి నడిసముద్రమునకు మరలునని వ్రాసెను. అది గంజాం సమీపమున చిలక సరస్సునకు చేరువగా నున్న పాలూరేయని పెక్కురు పండితుల అభిప్రాయము.

ఇంగ్లీషువారికి ఉత్తర సర్కారులు 1765లో ఢిల్లీ ఫర్మానాచేతను, 1766లో నైజాముతో జరిగిన ఒడంబడికచేతను దక్కినవి. తరువాత రెండేండ్లకు గంజాములో వారి ప్రతినిధి నెలకొనెను. ఋషికుల్య నది సముద్రమున కలియుచోట నున్న గంజాము ఆనాడు జిల్లాకు ముఖ్యస్థానమును, ముఖ్యమైన రేవును. 1815లో అచట విషజ్వరము ప్రబలి ఊరు పాడుపడగా అధికారులు విడిచిపోయిరి. కచేరీలు బరంపురము, ఛత్రపురముల పాలయ్యెను. వర్తకము మాత్రము దక్షిణముగా జరిగి, బరంపురమునకు దగ్గరగా నున్న ఇసుకతీరమును వెదకికొనెను. ఆ విధముగా గోపాలపురము రేవైనది.

ఇచట నదీముఖము లేదు, కొండచాటు లేదు. తెరచి యున్న సముద్రము. 19వ శతాబ్దమున ధాన్యము, పప్పులు, నూనెగింజలు, తోళ్లు, ఎండుచేప ఇచ్చటినుండి ఎగుమతి యయ్యెడివి. ఆవిరి ఓడల కాలమున కలకత్తా, మద్రాసు, రంగూనుల నడుమ తిరుగు ఓడలు ఇచట ఆగెడివి. ఆగుటయనగా ఒడ్డునకు వచ్చుట కాదు. ఓడ మైలుకు పైగా దూరమున లంగరు వేయును. ఆ ఓడకును ఈ ఒడ్డునకును నడుమ మూడు నాలుగు వరుసల కెరటములు విరిగిపడుచుండును. ఆ కొలది దూరమే రేవు యొక్క ప్రాణము. ఆ దూరమును దాటించగల విద్య కచేరీలో లేదు, కంపెనీలో లేదు. అది తెలుగు పడవవారి చేతిలో నుండెను.

తెప్పయు, పడవయు

ఒడియావారు వీరిని నోలియాలందురు. వారు తమను తాము వాడబలిజలని చెప్పుకొందురు. వాడయనగా ఓడయేయని వారి వివరణము. గోపాలపురము మొదలు పూరీ వరకును వీరి పేటలు కలవు. పూరీలో వీరు నివసించు పేటకు విశాఖ తీరములోని ఒక ఊరి పేరే, పెంటకోట యను పేరే, నిలిచి యున్నది. పూరీ యాత్రికుని చేయిపట్టి అలలలో స్నానము చేయించెడి మొనటోపీ నోలియా యింట మాటలాడునది తెలుగేయని ఎంతమంది యాత్రికులు గుర్తింతురో చెప్పలేము.

వీరి సాధనములు రెండు. మొదటిది తెప్ప. తేలిక చెక్క దుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి, త్రాళ్లతో బిగించుటయే తెప్ప కట్టుట. దానికి లోపలయను చోటు లేదు, నీరు పైకి వచ్చి పైనుండియే జారిపోవును. వేట ముగిసి ఒడ్డు చేరగనే కట్లు విప్పి దుంగలను ఎండలో ఆరబెట్టుదురు, మరునాడు మరల కట్టుదురు. రెండవది పెద్దపడవ, దొరలు మసులా పడవయని వ్రాసినది. దీని పలకలను మేకులతో బిగింపరు, కొబ్బరిపీచు త్రాడుతో కుట్టుదురు. మేకులు కొట్టిన పడవ కెరటము విరిగి ఇసుకకు తాకినపుడు పగులును. కుట్టిన పడవ ఆ దెబ్బకు కొంచెము వంగి, మరల సర్దుకొనును. గట్టిదనముకంటె సడలింపు మేలని ఆ పడవ కట్టినవారికి అనుభవము నేర్పినది.

పడవ వెనుక పొడవైన తెడ్డుతో నిలుచున్నవాడు కెరటములను చూచుచుండును. పెద్దకెరటములు వరుసగా వచ్చి పోయిన పిదప కొంత ఎడము దొరకును. ఆ ఎడమునందే కేక వేయవలెను, ఆ కేకకే అందరును ఒక్కటిగా తెడ్లు వేయవలెను. క్షణము ముందైనను, వెనుకైనను సరకు సముద్రము పాలగును, మనుష్యులును సముద్రము పాలగుదురు. ఆ కేక తెలుగు కేక. ఒడియా వర్తకుని బస్తాయైనను, మార్వాడీ పెట్టెయైనను, దొరసాని సామానైనను ఆ తెలుగు కేక మీదనే ఒడ్డు దాటవలెను. ఈ రేవులో తెలుగు నిలిచిన కారణము మేము ఇచటనే కనుగొంటిమి. ఎవరో దానిని కాపాడుటచేత కాదు, అది లేనిదే పని జరుగకపోవుటచేత నిలిచినది.

చేపలవేటయందును అంతియే. పెద్దవల వేయునపుడు ఒక త్రాటికొస ఒడ్డున నుంచి, పడవ సముద్రములోనికి అర్ధచంద్రముగా పోయి, వల దించుకొనుచు రెండవ కొసతో ఒడ్డు చేరును. పిదప రెండు జట్లవారు రెండు త్రాళ్లు పట్టి లాగుదురు. ఇరువది ముప్పదిమంది ఒక్క ఊపున లాగవలెను. పడినది పాళ్లు వేసికొందురు. పడవకు పాలు, వలకు పాలు, చేతులకు పాలు. నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు, చందువలు, వంజరములు వేరుపరచి, అమ్మకమునకు గంపల కెత్తుట ఆడువారి వంతు. సముద్రము మగవానిది, సొమ్ము ఆడుదానిది యను ఏర్పాటు ఈ పేటలలో నేటికిని కొంత కలదు.

రంగము దారి

మన ఉత్తర తీరపు పల్లెలలో రంగూనును రంగమందురు. రంగము పోయినాడనగా బ్రదుకు వెదకికొనుచు పోయినాడని అర్థము. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మా పోయెడివారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చును, ఓడకూలి పెట్టుకొనును, అచట ఆ బాకీ జీతములో కోసికొనును. బియ్యపు మరలలోను, రేవులోను, కలప అడితులలోను పని. బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. యానామునకు సమీపమున నున్న కోరంగి రేవు పేరది. ఒక చిన్న రేవు పేరు ఒక జాతి కంతకును పేరై పోయినది.

గోపాలపురమున ఓడ వచ్చు దినము పండుగవంటిదియు, శవయాత్రవంటిదియు. చుట్టుప్రక్కల తెలుగు, ఒడియా పల్లెలనుండి జనము మూటలతో ఇసుకమీద చేరును. పడవవారు వారిని పది పదునైదుగురిగా కెరటములు దాటించి ఓడకు చేర్చుదురు. అట్లే తిరిగి వచ్చువారిని దింపుదురు. వచ్చినవారి పెట్టెలలో సిల్కు లుంగీలు, లక్క సామానులు. రానివారి యిండ్లకు ఉత్తరము ముక్క.

1890లలో కలకత్తా, మద్రాసుల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము పడినది. బరంపురమునకు రైలు వచ్చినది. బస్తాలకు రైలు సులభము కనుక రేవులో సరకు తగ్గినది. కాని రంగమునకు రైలు లేదు, కనుక మనుష్యుల ఎగుమతి మరియొక నలుబదియైదేండ్లు సాగినది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైబడి యుండిరి. రంగూను నగరమున వారు సగమునకు మించి యుండిరి.

ఆ బ్రదుకు సుఖమైనది కాదు. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని పంపివైచిరి. ఇరుపక్షముల పేదలు ఒకరినొకరు చంపుకొనిరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేరు చేయబడినది. 1941 డిసెంబరు 23న రంగూనుమీద జపానువారి బాంబులు పడెను, 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. లక్షల కొలది జనము అరకాను, అస్సాము దారులలో నడిచి వచ్చిరి. దారిలోనే రాలిపోయినవారు వేలు. యుద్ధానంతరము కొందరు మరల పోయిరి గాని, 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన తరువాత వారును తిరిగి రావలసి వచ్చెను. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు పేట నేటికిని ఆ కథను చెప్పుచున్నది.

గోపాలపురమునకు మాత్రము 1942తోనే తూర్పుదారి మూతపడినదనవలెను. ఓడ రాని రేవు రేవు కాదు. గోదాముల గోడలు ఉప్పుగాలికి తిని పోయినవి, పాత కట్టడముల స్తంభములు మొండిగా మిగిలినవి. కెరటములు దాటించిన పెద్దపడవలకు వేట తప్ప వేరు పని లేకపోయినది.

1936, తరువాత

ఇంతలో భూమిమీది సరిహద్దు మారినది. ఒడియా మాటలాడు ప్రజలు బెంగాలు, బీహారు, మద్రాసు, మధ్యపరగణాల పాలనలలో చెదరి యుండిరి. ఒక్క రాష్ట్రమున చేరవలెనను వారి కోరిక న్యాయమైనదే. 1903నుండి ఉత్కళ సమ్మిళని ఆ కోరికను వినిపించుచు వచ్చెను. 1924లో ఫిలిప్పు, డఫ్పు అను అధికారులు విచారణ జరిపిరి. ఓడొన్నెలు సంఘము సరిహద్దులను పరిశీలించెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి, బరంపురముతో కూడ గంజాం జిల్లాలోని పెద్దభాగము దానిలో చేరెను. ఇచ్ఛాపురము మొదలుకొని దక్షిణభాగము మద్రాసులో నిలిచెను.

ఆ సమయమున మన పెద్దలు సభలు చేసిరి, విజ్ఞప్తులు పంపిరి, పత్రికలలో వ్రాసిరి. వ్యావహారిక భాషోద్యమ నాయకులు గిడుగు రామమూర్తి పంతులుగారు తాము జీవితమంతయు పనిచేసిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. బరంపురములో 1894లో తెలుగు కుటుంబమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు కార్మిక నాయకులై, 1969లో రాష్ట్రపతి పదవి నందిరి. ఈ విషయములు మన పిల్లలకు మనము గర్వముగా చెప్పుదుము.

తీరమునందలి తెలుగువారు సభ చేయలేదు, విజ్ఞప్తి పంపలేదు. వారి పేరిట ఎవరును వినిపించినట్లును లేదు. అయినను వారికిని సరిహద్దు తగిలినది. వారి పెండ్లిసంబంధములు బారువ, కళింగపట్టణముల వైపు. చుట్టరికమునకు సముద్రమున సరిహద్దురాయి లేదు గాని, బడికిని, కచేరీకిని, రేషను పత్రమునకును రాయి కలదు. పిల్లవాడు ఒడియా బడికి పోయెను. తల్లి తెలుగులో జోలపాడెను. ఇంటిమాట ఒకటి, పలకమీది అక్షరము వేరొకటి. మూడు నాలుగు తరములు గడచునప్పటికి తెలుగు వారియిండ్లలో మాటగా మిగిలినది, వ్రాతగా మిగులలేదు.

దీనిని మేము ఫిర్యాదుగా చెప్పుటలేదు. బరంపురమున ఒడియావారును, తెలుగువారును ఒకరి పండుగ నొకరు తమదిగా చేసికొన్నవారు. రెండేండ్ల కొకమారు జరుగు బూఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లు దేవాంగుల పెద్దయైన దేశీబెహరా వీధికి వేంచేయును. ఊరంతయు ఒడియాలో జయజయధ్వానములు చేయును, నేతగాండ్ర యిండ్లలో హారతి తెలుగులో సాగును. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురపు పట్టు ఆ యిండ్ల మగ్గములనుండి వచ్చినదే. కలసి బ్రదుకుట మనకు రానిది కాదు. కలసి బ్రదుకుచు తన అక్షరమును నిలుపుకొనుటయే మనకు కష్టమైనది.

నేటి ఒడ్డు

గోపాలపురపు ఒడ్డున తెప్పలు తగ్గి, ఫైబరు పడవలును, మోటారులును వచ్చినవి. నూలు, జనుపనార వలలకు మారుగా నైలాను వలలు వచ్చినవి. మోటారు పడవకు ఇరువదిమంది అక్కరలేదు, నలుగురైదుగురు చాలును. తూర్పుతీరమంతట ఏటేట ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. ఋషికుల్య ముఖద్వారమున సముద్రపు తాబేళ్లు వేలు, లక్షలుగా వచ్చి గ్రుడ్లు పెట్టును కనుక, ఆ ప్రాంతమున నవంబరు 1నుండి మే 31 వరకు తీరమునకు 20 కిలోమీటర్లలోపల వేరొక నిషేధము. తాబేలును కాపాడుట పుణ్యమేయని వేటవారును అందురు. ఆ మాసములలో పొయ్యిలో పిల్లి లేవకుండుట యెట్లని మాత్రము వారి ప్రశ్న.

సముద్రమును అట్లే మారినది. 1999 అక్టోబరులో మొదటి తుపాను గంజాం తీరమును కొట్టి పోయినది. పది పన్నెండు దినములకు వచ్చిన రెండవది ఉత్తరముగా పారాదీపు వైపు వేలమందిని బలిగొన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్దనే తీరము దాటెను. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. ముందుగానే సుమారు 10 లక్షలమందిని సురక్షిత స్థలములకు తరలించుటచేత చనిపోయినవారి సంఖ్య పదులలో ఆగినది. 1999కిని దీనికిని గల ఆ తేడా ప్రభుత్వములును, ప్రజలును నేర్చుకొన్న పాఠము. ప్రాణములు దక్కినవి గాని పడవలు, వలలు అనేకము దక్కలేదు. కొన్ని పేటలవద్ద కడలికోత యిండ్ల గడపలవరకు వచ్చినది. ఋషికుల్య దాపున నున్న పొదంపేట ఆ కోతకు పాడైన ఊళ్లలో నొకటి.

కాబట్టి యువకులు మరల దారి పట్టిరి. రంగము లేదు గనుక కొందరు కేరళకు, గోవాకు, చెన్నైకి పరుల పడవలమీద వేటకు పోవుచున్నారు. గంజాం జిల్లా ఒడియా సోదరులు సూరతు మరమగ్గములకు పోయినట్లే ఇదియును. ఊరు విడువని వారిలో అనేకులు ప్రతిదినము బరంపురము పోయి వచ్చుచున్నారు. రేవు మూతపడి యెంతో కాలమైన పిదప 1980లలో ఊరికి కొంత ఉత్తరముగా నౌకాశ్రయపు పని తిరిగి మొదలైనది, తరువాత విస్తరించినది. కాని అందు కెరటములు దాటించు పడవలతో పని లేదు. ఓడ గోడవరకు వచ్చి నిలుచును. యంత్రము ఎత్తును, యంత్రము దించును. తెలుగు కేకకు అచట చోటు లేదు.

ఉదయపు బస్సులో గంపతో వచ్చిన ఒక పెద్దమ్మ ప్రక్కన ఇటీవల మేము కూర్చుంటిమి. ఆమె చేపలను లెక్కపెట్టుకొన్నది తెలుగులో. దారిలో ఎక్కిన బేరగానితో ధర పలికినది ఒడియాలో. ప్రక్కన నున్న మనుమరాలు కళాశాల పుస్తకము చదువుచుండెను, అది ఇంగ్లీషు. మేము తెలుగులో పలుకరింపగా పెద్దమ్మ ముఖము విప్పారినది. ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు బాబూ యని ఆరా తీసినది. మేము బరంపురము వారమే యనగా ఆమె ఆశ్చర్యపడెను. ఇంతకాలము మా వంటివారు ఆమెతో మాటలాడుట చేపధర అడుగుటకే గనుక ఆ ఆశ్చర్యము సహజమే. మనుమరాలు మా మాట గ్రహించినది గాని సమాధానము ఒడియాలో ఇచ్చినది. మూడు తరముల చరిత్ర ఆ బస్సు బల్లమీద ఒక్కచోట కూర్చుండి యున్నట్లు మాకు తోచినది.

మన కర్తవ్యము

2011 జనాభా లెక్కలలో ఒడిశాలో తెలుగు మాతృభాషయని చెప్పినవారు 6 లక్షలకు పైబడి యున్నారు. ఆ సంఖ్యను మన సంఘములు విజ్ఞప్తులలో ఉదహరించుచుండును. ఆ లక్షలలో మన వాచనాలయములకు ఎన్నడును రాని మత్స్యకారులున్నారు, నేతగాండ్రున్నారు, కూలీలున్నారు. లెక్కకు వారు కావలెను. ఉగాది సభలో కుర్చీకి వారు గుర్తుకు రారు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, వ్రాయకుండుట అంతకంటె తప్పు.

భాష నిలుచుటకు మనము గ్రంథాలయములను, నాటకములను, సభలను నమ్ముకొంటిమి. అవి మంచివే. కాని గంజాం తీరమున తెలుగు రెండువందల యేండ్లకు పైగా నిలిచినది వాటివలన కాదు. చేతిపనికి ఆ భాష కావలసి యుండుటచేత, ఇరువదిమంది ఒక్క ఊపున వల లాగుటకు అది కావలసి యుండుటచేత నిలిచినది. ఇప్పుడు ఆ పని చేతులనుండి జారిపోవుచున్నది. పని పోయిన చోట మాటకు వేరొక ఆధారము చూపవలసిన భారము చదువుకొన్న మనమీద పడినది.

అది గొప్ప ధనముతో కూడిన కార్యము కాదు. సెలవుదినములలో గోపాలపురము పోవు మన యువతీయువకులు గంటసేపు ఆ పేట పిల్లలకు అక్షరములు దిద్దించవచ్చును. ఇంట మాటలాడు భాషకు లిపి నేర్చుట వారికి నెలల పనియే గాని యేండ్ల పని కాదు. అందునకు మారుగా వారి పెద్దలవద్ద మనము నేర్చుకొనవలసినది చాల కలదు. గాలుల పేర్లు, నీటివాలుల పేర్లు, చేపల పేర్లు, తెప్పకట్టు ముడుల పేర్లు, పెద్దవల లాగునప్పటి పదములు. వీనిలో నిఘంటువుల కెక్కనివి ఎన్నియో కలవు. తెప్ప కట్టిన ముసలివారు పోవుటతో ఆ మాటలును పోవును. వారి తాతలు రంగమునుండి తెచ్చిన కథలును పోవును. ఒక కలము, ఒక పుస్తకము, ఓపికగా వినెడి చెవి చాలును. మన సంఘ సంచికలో వచ్చు యేటికి ఆ పదముల పట్టికకు నాలుగు పుటలు కేటాయించినచో, ఈ వ్యాసమునకు అంతకుమించిన ఫలము మేము కోరము.

గోపాలపురమున సాయంకాలము తిరుగు బస్సు కొరకు నిలుచున్నపుడు ఒడ్డున దీపస్తంభపు వెలుగు తిరుగుట కనబడును. ఒకనాడు రంగము పోవువారు ఓడమీదినుండి కడపట చూచినది ఆ వెలుగే, తిరిగి వచ్చువారు మొదట చూచినదియు నదియే. నేడు దానిని చూచువారిలో బస్తీనుండి ఇల్లు చేరు పెద్దమ్మలును, వారి మనుమరాండ్రును కలరు. వారు దిగి పేటలోనికి నడచునపుడు నోట వచ్చు మాట ఇంకను తెలుగే. మరియొకమారు గోపాలపురము పోయినపుడు మనము చేపధర అడిగి ఊరకుండక, ఊరును, పేరును, యోగక్షేమమును గూడ అడుగుదము.